పిడికెడు బియ్యము

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున గురువులు, సంఘ పెద్దలు, ఉపదేశులు, స్త్రీల మైత్రి సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇయ్యబడిన అంశము "సంఘ జీవితములోను పరిచర్యలోను నిరాడంబరత". కమిటీవారు ఈ అంశమును ఈ పందిరి వేయించుటకు ముందే నిర్ణయించియుందురు; వేయించిన తరువాతనైతే మరియొక అంశము వెదకియుందురేమో. నవ్వుచున్నారు, సంతోషమే. నూరేండ్లు కాపాడిన దేవునికి కృతజ్ఞత చెల్లించు దినమున పందిరి వద్దనుటకు మేము రాలేదు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి క్రొవ్విన దూడను వధింపించెనే గాని ఖర్చు లెక్క వేయుచు కూర్చుండలేదు. పండుగ పండుగవలెనే జరుగవలెను. మేము అడుగగోరునది వేరు. పండుగ లేని దినములలో మన సంఘ జీవితము ఏలాగున్నది? ఆ దినములలో మన పద్ధతులు ఎవరిని లోపలికి తెచ్చుచున్నవి, ఎవరిని గడప బయటనే నిలిపివేయుచున్నవి?

ఈ ఉత్సవముల సన్నాహములో మేము కొందరము కొన్ని నెలలుగా గ్రామ సంఘములను దర్శించుచు వచ్చితిమి. వాటిలో ఒక సంఘమును గూర్చి చెప్పెదము. పేరు చెప్పము, చెప్పనక్కరలేదు, ఎందుకనగా ఇక్కడ కూర్చున్నవారిలో సగము మంది అది తమ సంఘమే అనుకొందురు. ముప్పది యైదు కుటుంబములు గల చిన్న సంఘము. బుధవారము రాత్రి ఇంటింటి ప్రార్థన కూటము జరుపుట అక్కడ తాతల నాటినుండి వచ్చుచున్న ఆచారము. వరుస పుస్తకము తెప్పించి చూడగా పూర్వము దాదాపు అన్ని ఇండ్ల పేర్లును ఉండెను. ఇప్పుడు పదకొండు ఇండ్లు మాత్రమే యున్నవి. మిగిలినవారు విశ్వాసము విడిచిరా అని విచారించితిమి. లేదు, ఆదివారము ఆరాధనకు వచ్చుచునే యున్నారు. మరి ఇంటిలో కూటము ఎందుకు వద్దనిరి? నాట్లకు, కలుపులకు కూలికి పోవు ఒక పెద్దమ్మ తలుపు దగ్గర నిలువబడి చెప్పినది: "అయ్యగారూ, కూటం పెట్టుకోవాలంటే నాలుగు వేలన్న చేతుల ఉండాలె. కుర్చీలు తేవాలె, మైకు పెట్టాలె, అందరికి టిఫిను, వాక్యం చెప్పెటాయనకు శాలువ. మా పక్కింటోళ్లు బిర్యానీ పెట్టిన్రు. నేను ఉత్త చాయ పోస్తే ఏం మంచిగుంటది? అందుకే నా పేరు కొట్టెయ్యుమన్న."

ఆ సంఘములో ఎవరును ఆమెను బయటికి పొమ్మనలేదు. ఇంత ఖర్చు పెట్టవలెనని తీర్మానమును లేదు. ఒక ఇంటివారు ప్రేమతో కుర్చీలు తెప్పించిరి. తరువాతి ఇంటివారు దానికి తక్కువ కారాదని మైకు పెట్టించిరి. ఆ తరువాత ఇంటిలో కుమారునికి ఉద్యోగము వచ్చిన సంతోషములో భోజనమే పెట్టిరి. ఎవరి తప్పు అని వ్రేలు చూపుటకు వీలులేదు. కాని నాలుగేండ్లలో ప్రార్థనకు ఒక ధర ఏర్పడినది. ఆ ధర చెల్లింపలేనివారు నెమ్మదిగా తమ పేరు తామే కొట్టివేయించుకొనిరి.

ఆడంబరము ధనవంతుని ఆత్మను పాడుచేయునని మనము అనేక ప్రసంగములలో విన్నాము. అది నిజమే. కాని అది బీదవానిని సంఘ పరిచర్యలోనుండి తొలగించునను సంగతి మనము అంతగా వినలేదు. మేము ఈ దినము చెప్పదలచినది ప్రధానముగా ఇదే. నిరాడంబరత అనగా తక్కువ ఖర్చు పెట్టుట కాదు, ముతక బట్ట కట్టుట కాదు, ముఖము ముడుచుకొని యుండుట అంతకంటెను కాదు. సంఘములోని మిక్కిలి బీద సభ్యుడు కూడ తన భుజము మీద మోయగలిగినట్లు సంఘ కార్యములను అమర్చుకొనుటయే నిరాడంబరత.

వాక్యములో దీనికి ఆధారమున్నదా అని గురువులు అడుగుదురు. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో 'హాప్లోటేస్' అను మాట యొకటి కలదు. మడతలు లేనిది, ఒంటి పొర గలది అని దాని మూల భావము. మన తెలుగు బైబిలులో అది ఒకే మాటగా కనబడదు. రెండవ కొరింథీ పత్రిక 11వ అధ్యాయములో క్రీస్తు ఎడల మనకుండవలసిన స్వభావమును గూర్చి చెప్పునప్పుడు అది 'సరళత'. అదే పత్రిక 8వ అధ్యాయములో మాసిదోనియ సంఘములను గూర్చి చెప్పునప్పుడు అది 'దాతృత్వము'. రోమా పత్రిక 12వ అధ్యాయములో పంచిపెట్టువానికి ఉండవలసిన 'శుద్ధమనస్సు' కూడ అదే. కొండమీది ప్రసంగములో కన్ను 'తేటగా' ఉండుటను గూర్చి మన ప్రభువు చెప్పిన మాట అదే కుటుంబమునకు చెందినది. అనువాదకులు సందర్భమును బట్టి సరిగానే అనువదించిరి. అయినను సరళతయు దాతృత్వమును మూలభాషలో ఒకే మాట అని తెలిసికొనుట మనకు మేలు. మడతలు లేని బట్టలో దాచిపెట్టుకొనుటకు చోటుండదు. మాసిదోనియవారు నిరుపేదలు, అయినను యెరూషలేములోని పరిశుద్ధులకు సహాయము చేయుటలో తమకును పాలు కావలెనని పౌలును వారే బతిమాలుకొనిరి. మీరు బీదవారు, మీకు మినహాయింపు అని చెప్పి పౌలు వారిని ప్రక్కకు పెట్టలేదు. బీదవానికి సంఘము చేయగల గొప్ప అవమానము అతనిని ఎల్లప్పుడు పుచ్చుకొనువానిగానే చూచుట.

పాత నిబంధనలో శూనేమీయురాలు ఎలీషాకు కట్టించిన గది మీకు తెలిసినదే. గోడమీద చిన్న గది. అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఆమె కలిగిన స్త్రీ. పట్టు పరుపు వేయింపగలదు. కాని ప్రవక్తకు పండుకొనుటకు, కూర్చుండుటకు, చదువుకొనుటకు, చీకటిలో చూచుటకు ఏమి కావలెనో ఆలోచించి అంతయు అమర్చినది. ఏదియు తక్కువ చేయలేదు, ఏదియు తన గొప్ప కొరకు చేర్చలేదు. తరువాతి అధ్యాయములోనే గేహజీ నయమాను రథము వెంట పరుగెత్తిన కథ యున్నది. ఒకే గురువు నీడలో యుండియు ఎలీషా వద్దనిన దానికొరకు గేహజీ పరుగెత్తెను. పరిచర్యలో ఉన్నవారు ఈ రెండు అధ్యాయములను ఒక్క దినముననే చదువుకొనుట మంచిది.

ఇప్పుడు మన పొరుగున జరిగిన చరిత్రకు వచ్చెదము. నేటి తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలోనున్న దోర్నకల్ ఆ కాలమున నిజాము రాజ్యములో ఒక చిన్న రైలు జంక్షను. అక్కడికి 1909లో తిరునెల్వేలి ప్రాంతమునుండి ఒక తమిళ మిషనెరీ వచ్చెను. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. వెళ్లాళన్‌విళై అను గ్రామములో 1874లో ఒక గ్రామ గురువుగారి ఇంట పుట్టిన ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతట తిరిగి, పై దేశములు కూడ చూచి వచ్చినవారు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతోనే సువార్త పంపవలెనని 1903లో ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపించుటలో ఆయన ముఖ్యులు. ఇతరులను పొమ్మని చెప్పుచు తాను ఇంటనుండుట తగదని తలంచి, మంచి పదవిని విడిచి, భార్యా పిల్లలతో తెలుగు దేశమునకు వచ్చిరి. మొదటి దినములలో గుడారములో కాపురముండిరి. ముప్పది యైదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొనిరి. తమిళము మాతృభాషగా గలవారికి తెలుగు సులభమని కొందరనుకొందురు. 'శ' 'ష' 'స'లు, 'బ' 'భ'లు పలుకుటకు ఎంత ప్రయాసపడవలెనో ఆ పని చేసినవారికే తెలియును.

మరుసటి సంవత్సరము, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము నేటికిని జ్ఞాపకము చేసికొనబడుచున్నది. పాశ్చాత్య మిషనెరీల త్యాగమును ఆయన కాదనలేదు. ఆస్తులిచ్చిరి, దేహములనే ఇచ్చిరి అని ఒప్పుకొనిరి. కాని భారతీయ సహోదరులకు వారియొద్దనుండి కావలసినది స్నేహము, అది అరుదుగా దొరకుచున్నది అని ఆ గొప్ప సభలో నిర్భయముగా చెప్పిరి. ఈ ప్రసంగమును మనము సాధారణముగా జాతి వివక్షను గూర్చినదిగా చదువుదుము. అది సరియే. అయితే నిరాడంబరతను గూర్చి ఆలోచించువారు అందులో మరియొకటి చూడవచ్చును. బంగళాకును గుడిసెకును మధ్య ఒక వరండా ఉండును. ఆ వరండా మెట్లు ఎక్కుటకు గుడిసెవానికి ధైర్యము చాలదు. ఎంత ప్రేమగల మిషనెరీ అయినను ఆ వరండా అతని ప్రేమను సగము త్రోవలో ఆపివేయును. అప్పటి వరండాలు పోయినవి. నేడు మనము కట్టుకొనుచున్న వరండాలు ఏవో ఎవరికి వారు చూచుకొనవలెను.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్స్ కతీడ్రలులో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. అంత గౌరవము పొందినవారు ఏమి చేసిరి? తిరిగి ఎద్దుబండి ఎక్కిరి. సంవత్సరములో చాల భాగము గ్రామములు తిరుగుటయే ఆయన పని. ఆయనయొద్దకు వచ్చినవారిలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెలలోని కూలివారు, చదువురానివారు. వారికి బాప్తిస్మమిచ్చునప్పుడు ఒక పద్ధతి పాటించెడివారు. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలమీద పెట్టుకొని, మేము బాప్తిస్మము పొందినవారము, సువార్త ప్రకటింపకపోతే మాకు శ్రమ అను భావము గల మాటలను ఆయన వెంట పలుకవలెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటనుండి తీసికొనినదే. గమనింపుడి, ఆ కార్యమునకు ఏ ఉపకరణమును అవసరము లేదు. తలయు చేయియు ఉన్న ప్రతివానికి అది సాధ్యము. ఆనాడు తెలుగు దేశములో సువార్త పల్లెనుండి పల్లెకు వ్యాపించుటకు ముఖ్య కారణము మిషనెరీ సొసైటీల ధనము కాదు. బంధువు బంధువుతో, కూలివాడు తోటి కూలివానితో పొలము గట్టుమీద చెప్పిన మాటయే.

ఇక పిడికెడు బియ్యమును గూర్చి. క్రైస్తవ దాతృత్వమును గూర్చి అజరయ్యగారు ఒక పుస్తకమే వ్రాసిరి. బీద సంఘము ఇయ్యలేదను మాటను ఆయన ఒప్పుకొనలేదు. దోర్నకల్ గ్రామ సంఘములలో స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట, ఆదివారము దానిని గుడికి తెచ్చుట వాడుకలో నుండెను. మనలో అరువది దాటినవారు తమ తల్లులు ఆలాగు చేయుట చూచియే యుందురు. కుండ ముందర ఒక నిమిషము కన్నులు మూసికొని, పిల్లల పేర్లు చెప్పుకొని, పిడికెడు తీసి వేయుట. ఆ బియ్యము కొంత ఉపదేశిగారి ఇంటికి పోయెడిది, కొంత వేలము వేయగా వచ్చిన డబ్బు సంఘ నిధికి చేరెడిది.

ఈ పద్ధతిలోని జ్ఞానమును పురుషులమైన మనము సరిగా గుర్తించినట్లు తోచదు. సంచి పురుషునిది, కూలి డబ్బు పురుషుని చేతికి వచ్చి, కొంత కల్లు దుకాణములో దిగి, మిగిలినది ఇంటికి చేరెడిది. స్త్రీ చేతిలో ఒక అణా కూడ ఉండెడిది కాదు. అయితే బియ్యపు కుండమీద అధికారము ఆమెది. కానుకను డబ్బునుండి బియ్యమునకు మార్చినప్పుడు కానుక ఇచ్చు అధికారము పురుషుని జేబులోనుండి స్త్రీ పిడికిలిలోనికి వచ్చినది. ఎంత ఇయ్యవలెనో కొలిచినది కూడ ఆమె చేయియే. పెద్ద చేయి పెద్ద పిడికెడు, చిన్న చేయి చిన్న పిడికెడు. విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుండి చూచెను గదా; ఎసరు ప్రక్కన కూడ ఆయన ఆలాగే కూర్చుండి యుండెను.

ఇది పాతకాలపు ముచ్చట అని యౌవనులు అనుకొనవద్దు. ఈశాన్యమున మిజోరాములో 'బుహ్‌ఫాయ్ థామ్' అను పేరుతో ఇదే ఆచారము 1910 ప్రాంతములో స్త్రీల ద్వారా ఆరంభమై నేటికిని నిలిచియున్నది. పిడికెడు పిడికెడుగా పోగైన ఆ బియ్యము ఏటేట కోట్ల రూపాయల కానుకగా మారి, ఆ చిన్న రాష్ట్రపు సంఘములు తమ మిషనెరీలను తామే పంపుకొనుటకు తోడ్పడుచున్నది. మనకంటె వారు ధనవంతులని కాదు. వారు ఆ కుండను అటక మీదికి ఎక్కింపలేదు, అంతే.

మన సంఘములలో ఇప్పుడు కానుక ఫోను ద్వారా పంపుటకు గుడి తలుపు దగ్గర గళ్ల బొమ్మ గల కాగితము అంటించుచున్నారు. మంచిదే, పట్టణములో ఉద్యోగము చేయు పిల్లలు అక్కడనుండియే తమ భాగము పంపగలుగుచున్నారు. దానిని తీసివేయుమని చెప్పము. కాని ఫోను ఎవరి చేతిలో నున్నది? కుమారుని చేతిలో, భర్త చేతిలో. కానుక సంచి తిప్పుట మానివేసిన ఒక సంఘములో ఒక ముసలమ్మ పది రూపాయల నోటు మడతపెట్టి పట్టుకొని, ఎక్కడ వేయవలెనో తెలియక, తిరిగి కొంగున ముడివేసికొనుట చూచితిమి. క్రొత్త సౌకర్యము వచ్చినప్పుడెల్ల అది ఎవరికి త్రోవ తెరచుచున్నది అని మాత్రమే గాక ఎవరికి త్రోవ మూయుచున్నది అని కూడ పెద్దలు అడుగవలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. ఇంత నిరాడంబరుడైన అజరయ్యగారు దోర్నకల్‌లో అంత గొప్ప కతీడ్రలు ఎందుకు కట్టించిరి? ప్రశ్న న్యాయమైనది. ఆ దేవాలయమునకు సుమారు 25 ఏండ్లు పట్టినది. 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగ దినమున, ప్రతిష్ఠింపబడినది. మసీదులను బోలిన గుమ్మటములు, హిందూ దేవాలయములను బోలిన స్తంభములు గల ఆ కట్టడమును చూచినవారెవరును అది ఇంగ్లండునుండి ఊడ్చి తెచ్చినదని అనజాలరు. మెదకు కతీడ్రలు ఇంకను పెద్దది. ఛార్లెస్ వాకర్ పోస్నెట్టుగారి కాలమున 1914లో పని ఆరంభమై 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడినది. కరవు కాలములో ఆకలిగొన్నవారికి పనియు కూడును ఇచ్చు నిమిత్తము దానిని కట్టించిరని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు.

మా అభిప్రాయము ఇది. పెద్ద కట్టడమైనంత మాత్రమున ఆడంబరము కాదు. రేకుల షెడ్డయినంత మాత్రమున నిరాడంబరతయు కాదు. దోర్నకల్ గుడిలో అడుగుపెట్టిన కూలివాడు ఇది మా గుడి అని చెప్పుకొనెను. బంగళాలో లేని హక్కు అతనికి అక్కడ ఉండెను. మెదకులో రాళ్లెత్తినవాని కడుపు నిండెను. పాతిక ఏండ్లు ఓపికపట్టి కట్టుట వేరు. పొరుగు సంఘమువారు రెండంతస్తుల గుడి కట్టిరని అప్పు తెచ్చి, రెండేండ్లలో ముగించి, తరువాత పదేండ్లు ఆ అప్పు కొరకు ప్రతి ఆదివారము ప్రసంగములో డబ్బు ప్రస్తావన తెచ్చుట వేరు. అందమును గూర్చి కూడ ఒక మాట. నిరాడంబరత పేరుతో మురికిని సహింపరాదు. సంస్కారపు బల్లమీది గుడ్డ తెల్లగా ఉదికి ఇస్త్రీ చేసియుండవలెను. పాత్ర తళతళలాడవలెను. గుడి ఊడ్చియుండవలెను. ఆరాధన చెప్పిన వేళకు ఆరంభము కావలెను. వీటికి డబ్బు అక్కరలేదు, శ్రద్ధ కావలెను. శ్రద్ధ లేనిచోటనే దానికి బదులుగా రంగు బల్బులు వచ్చును.

పాటను గూర్చి క్లుప్తముగా చెప్పెదము, ఎందుకనగా దీనిని గూర్చి ఇప్పటికే అన్ని పాస్టరేట్లలో కావలసినంత వివాదమున్నది. పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించిరి. ఆయన కీర్తనలను అక్షరము రాని మన అమ్మమ్మలు చరణము తప్పకుండ పాడెడివారు. వాద్యములకు మేము విరోధులము కాము. కీర్తనలు పుస్తకము వాద్యములతోనే ముగియుచున్నది. మాకున్న పరీక్ష ఒకటే. ఆరాధన మధ్యలో కరెంటు పోయినప్పుడు పాట సాగునా, ఆగునా? సాగినయెడల అది సంఘము పాట. ఆగినయెడల సంఘము అప్పటివరకు వినుచు మాత్రమే యున్నదన్నమాట. ప్రసంగ భాషకును ఇదే పరీక్ష వేసికొనవచ్చును. గుడినుండి ఇంటికి పోవు త్రోవలో ఒక పశువుల కాపరి పిల్లవాడు దానిని తన చెల్లెలికి తిరిగి చెప్పగలడా?

ఇప్పుడు కొంచెము కష్టమైన సంగతి. నిరాడంబరతను గూర్చి మాటలాడునప్పుడు సంఘము వెంటనే గురువుగారి వైపు చూచును. ఆయన కారు కొనెనా, అమ్మగారు ఏ చీర కట్టెను, పిల్లలు ఏ బడిలో చదువుచున్నారు. నాయకుల జీవితము మాదిరిగా ఉండవలెననుటలో సందేహము లేదు. మిలేతులో ఎఫెసు పెద్దలతో మాటలాడినప్పుడు పౌలు తన చేతులను చూపెను. అవి పని చేసిన చేతులు. పట్టణ పాస్టరేటు కొరకు సిఫారసులు తెచ్చుకొనుట, పల్లెకు బదిలీ అయినప్పుడు దానిని శిక్షగా తలంచుట, సంఘ స్థలముల కొరకు సంవత్సరముల తరబడి కోర్టుల చుట్టు తిరుగుట, ఎన్నికల కాలములో పెద్దలు వర్గములుగా చీలి విందులిచ్చుకొనుట, వీటిని ప్రజలు చూచుచున్నారు. చూచి మౌనముగా వెనుక బల్లలకు పోవుచున్నారు.

అయితే గ్రామ ఉపదేశికి నాలుగు నెలలుగా జీతమియ్యక, ఆయన నిరాడంబరముగా జీవించుచున్నాడని పొగడుట అన్యాయము. ఒకడు తాను ఎన్నుకొనినది నిరాడంబరత. ఇతరులు అతనిమీద మోపినది దరిద్రము. శూనేమీయురాలు ప్రవక్తకు దీపము కూడ పెట్టినది. మనము దర్శించిన గ్రామములలో ఒక ఉపదేశిగారి ఇంట బల్ల లేదు, దీపమునకు కరెంటు బిల్లు కట్టనందున తీగె కోసివేసిరి. మరునాటి ప్రసంగమును ఆయన వీధి దీపము క్రింద సిద్ధపరచుకొనుచుండెను. ఆ సంగతి ఆయన మాతో చెప్పలేదు. ప్రక్క ఇంటివారు చెప్పిరి. ఆయన వయస్సు ఏబది యెనిమిది. ఆయన ద్వారా ప్రభువును తెలిసికొనిన కుటుంబములనుండి ఇద్దరు యౌవనులు ఈ ఉత్సవములలో వాలంటీరు బ్యాడ్జీలు పెట్టుకొని మనకు నీళ్లందించుచున్నారు.

అందుచేత శతాబ్ది నిధిని గూర్చి మా మనస్సులోని మాట దాచకుండ చెప్పుచున్నాము. రహదారిమీద రాతి తోరణము కట్టించవలెనని ఒక ప్రతిపాదన యున్నది. నమూనా చూచితిమి, బాగుగా నున్నది. తోరణమునకు మేము అడ్డుచెప్పము. కాని మండలములోని గ్రామ ఉపదేశుల బకాయి జీతములన్నియు మొదట చెల్లించి, మిగిలిన దానితో తోరణము ఎంత ఎత్తు వచ్చునో అంత ఎత్తే కట్టుట న్యాయమని మా అభిప్రాయము. ఈ సంవత్సరము సొమ్ము చాలకపోయినయెడల పునాది మాత్రము వేసి ఆపవచ్చును. దోర్నకల్‌వారు పాతికేండ్లు ఆగిరి. మనము రెండు మూడేండ్లు ఆగలేమా?

ఇంటింటి కూటములను గూర్చి కూడ ఒక ప్రతిపాదన సిద్ధపరచితిమి. కూటము పెట్టుకొను ఇంటివారు చాపలు, మంచినీళ్లు తప్ప మరేమియు ఏర్పాటు చేయరాదు. చాయ పోయవచ్చును, పోయకపోవచ్చును. వాక్యము చెప్పువారు శాలువలు పుచ్చుకొనరాదు. బలవంతము చేసినను వద్దనవలెను. ఈ నియమము మొదట కలిగిన ఇండ్లవారికి వర్తింపవలెను. బీదవారికి చాప చాలునని, తమకు మాత్రము కుర్చీలు కావలెనని పెద్దలు అనుకొనినయెడల నియమము పెట్టకుండుటయే మేలు. వరుస మొదటి వారము కోశాధికారిగారి ఇంటినుండి ఆరంభించుటకు ఆయన ఒప్పుకొనిరి. ఆయన ఇల్లు పెద్దది, చాపలే చాలినన్ని లేవు. స్త్రీల మైత్రివారు అరువిచ్చుటకు ఒప్పుకొనిరి.

ఇక బియ్యపు కుండ. కానుక సంచిని తిరిగి త్రిప్పుటయు, గుడి తలుపు దగ్గర మూత గల ఒక డబ్బా ఉంచుటయు ఏ తీర్మానము లేకుండనే వచ్చే ఆదివారము నుండి చేయవచ్చును. రేషను బియ్యమైనను, సన్న బియ్యమైనను ఒకే డబ్బాలో పోయుడి, వేరుచేసి చూడవద్దు. కొలుచుట, అమ్ముట, లెక్క వ్రాయుట స్త్రీల మైత్రి చేతిలోనే ఉండవలెను. ఇది వారి కుండలోనుండి వచ్చినది గనుక దీనిమీద పురుషుల కమిటీ పెత్తనము ఉండరాదు.

మొదటి రెండు ప్రతిపాదనలు రేపు ఉదయము పది గంటల సభలో చర్చకు వచ్చును. ప్రతి పాస్టరేటునుండి పెద్దలతోపాటు కనీసము ఇద్దరు స్త్రీలు, ఒక ఉపదేశి మాటలాడుటకు రావలెనని కోరుచున్నాము. ఉపదేశుల బకాయిల పట్టిక, తోరణపు అంచనా, రెండును ఈ రాత్రి భోజనముల తరువాత కార్యాలయపు బల్లమీద ఉంచెదము. ఎవరైనను వచ్చి చూచుకొనవచ్చును. చదువుకొనలేనివారికి చదివి వినిపించుటకు మేము అక్కడనే కూర్చుండెదము.